కృష్ణుడు ఎంత ఎత్తున ఉన్నాడు?

పిల్లల్ని డాన్సులో చేర్చిన రెండేళ్ళకో మూడేళ్ళకో తల్లిదండ్రులు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అడుగులన్నీ బాగానే పడుతున్నాయి టీచర్, ఎక్స్‌ప్రెషన్స్ ఎప్పటినుంచి నేర్పుతారు?" అడగడంలో తప్పేమీ లేదు. చాలాచోట్ల పద్ధతే అలా తయారైంది. ముందు అడవులు (నాట్యంలో మొదటి పాఠాలైన అడుగులు), తర్వాత జతులు (లయ మీద కూర్చిన అడుగుల వరసలు), ఆ తర్వాత ఐటమ్స్, ప్రోగ్రాం ఇంకో పది రోజులుందనగా అభినయం, అంటే భావం చూపించడం. ఆ పది రోజుల్లోనైనా ఏం నేర్పుతున్నాం? హాలు చివర నిలబడి "నవ్వమ్మా నవ్వు, పళ్ళు కనబడాలి!" అని అరుస్తున్నాం. పిల్ల పాపం నవ్వుతుంది. గణపతికి దణ్ణం పెడుతూ నవ్వుతుంది, యశోద కట్టేస్తే నవ్వుతుంది, మహిషాసురుణ్ణి శూలంతో పొడుస్తూ కూడా అదే నవ్వు నవ్వుతుంది.

నేను కూచిపూడి నేర్పుతాను. మా మాస్టారి దగ్గర నేర్చుకునేటప్పుడు ఈ ఎక్స్‌ప్రెషన్స్ అనే మాట నా చెవిన పడలేదు. ఆయన గమనించేవి వేరే ఉండేవి. చూపు ఎక్కడుంది, ఊపిరి ఎక్కడ తీసుకుంది, అడుగు అయ్యాక ఎలా ఆగింది. ఇవి కుదిరిన రోజు ముఖం దానంతటదే కదిలేది, దాని గురించి ఆయన ఒక్క మాట కూడా అనేవారు కాదు. ఇప్పుడు నా క్లాసులో నేను పట్టుకుని కూర్చునేవి కూడా ఇవే. వీటిని మొదటి అడవుతోనే మొదలుపెట్టొచ్చు. పదేళ్ళు అడుగులు వేశాక పైన అద్దుదామంటే అప్పటికి ఒళ్ళు వేరే అలవాట్లు చేసేసుకుని ఉంటుంది.

అభినయదర్పణం అనే పాత నాట్య గ్రంథంలో నందికేశ్వరుడు పాత్రకు, అంటే నాట్యం చేసేవాళ్ళకు, పది ప్రాణాలు చెప్పాడు. జవం, స్థిరత్వం, రేఖ, భ్రమరి, దృష్టి, అశ్రమం, మేధ, శ్రద్ధ, వాక్కు, గీతం. మా పిల్లలందరికీ ఈ శ్లోకం కంఠతా వచ్చు. వచ్చు అంటే, సోమవారం వచ్చు, బుధవారానికి రేఖ దగ్గర ఆగిపోతారు. సరే. ఈ పదింటిలో నవ్వు లేదు చూడండి. ముఖం అని కూడా ఎక్కడా లేదు, దృష్టి ఉంది. అశ్రమం అంటే పడే కష్టం చూసేవాళ్ళకు తెలియకపోవడం. కొంతమంది ఈ శ్లోకాన్ని పుట్టుకతో రావలసిన గుణాల పట్టికలా చదువుతారు, ఉన్నవాళ్ళకు ఉంటాయి, లేనివాళ్ళకు లేవు అని. నేను ఒక్కోదాన్నీ తీసి సాధన చేయించొచ్చనే నమ్ముతాను. కొన్ని తొందరగా వస్తాయి, కొన్ని ఏళ్ళు తీసుకుంటాయి, అంతే తేడా.

స్థిరత్వం తీసుకుందాం. జతిని ముగించే తీర్మానం చివర తధిగిణతోం, తధిగిణతోం, తధిగిణతోం అని పడుతుంది కదా, చాలామంది పిల్లలు ఆఖరి 'తోం' రాకముందే మనసులో ఐటమ్ ముగించేస్తారు. మోచేయి జారుతుంది. బాగా చేశానా అన్నట్టు చూపు నా వైపు తిరుగుతుంది. చేయి చున్నీ సర్దుకోవడానికి వెళ్తుంది. అందుకని మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం. తీర్మానం అయ్యాక నేను ఆదితాళం ఇంకో ఆవర్తనం, అంటే ఎనిమిది దెబ్బల చుట్టు, కర్రతో వేస్తాను, ఆ ఎనిమిది అక్షరాలూ వాళ్ళు చివరి భంగిమలోనే ఉండాలి. బిగుసుకుపోకూడదు. ఊపిరి ఆడుతూ ఉండాలి, వెన్ను ఇంకాస్త సాగుతూ ఉండాలి, చూపు చేతి చివరను దాటి ముందుకు పోతూ ఉండాలి. మొదట్లో నాలుగో అక్షరానికి కనురెప్పలు టపటపా కొట్టుకుంటాయి, ఆరో అక్షరానికి ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. కొన్ని నెలలు పోయాక ఆ పిల్లలే ఆగడాన్ని కూడా డాన్సులో భాగంగా చేస్తారు. ప్రోగ్రాంలో చప్పట్లు ఒకరిద్దరితో మొదలై తడబడుతూ వస్తున్నాయంటే చాలాసార్లు కారణం ఇదే. ఐటమ్ అయిపోయిందో లేదో డాన్సర్ ఒళ్ళు చెప్పలేదు, జనానికి తెలియలేదు.

నృత్తంలో, అంటే కథ లేకుండా లయ మీదే నడిచే నాట్యంలో, భావం ఉండదు కాబట్టి ముఖం ప్రశాంతంగా పెడితే చాలు అనుకోవడం ఇంకో అలవాటు. కథ ఉండదు, నిజమే. కానీ బరువు ఉంటుంది, వేగం ఉంటుంది, పెద్దదీ చిన్నదీ ఉంటాయి. ఒకే జతిని మూడు రకాలుగా చేయమంటాను. ఒకసారి నేల అదిరేలా, ఒకసారి పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నారు అనుకుని, ఒకసారి ఎంత చిన్న జాగాలో చేయగలిగితే అంత చిన్న జాగాలో. తాళం మూడుసార్లూ ఒకటే. పక్క గదిలో నిద్ర అనగానే మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి, ఎంత చెప్పినా రాని అరమండి (మోకాళ్ళు పక్కలకు వంచి నిలబడే తీరు) వచ్చేస్తుంది. అది నాకు అదనపు లాభం.

చేతుల విషయంలో ఒక్కటే చెబుతాను. కాలు తాళానిది, చేయి పాటది. కాలు సరిగ్గా దెబ్బ మీద పడాలి. చేయి మాత్రం ఆ దెబ్బకీ తర్వాతి దెబ్బకీ మధ్య ఉన్న కాలమంతా ప్రయాణం చేయాలి. పిల్లలు ఏం చేస్తారంటే చేతిని సగంలోనే గమ్యానికి చేర్చేసి అక్కడ బిగించి ఉంచుతారు. తప్పు పడలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనరు. వీడియోలో చూస్తే మాత్రం అందరూ ఒకే డాన్స్ చేస్తున్నా ఒక్క అమ్మాయి మీదే కన్ను ఎందుకు ఆగుతోందో అర్థం కాదు. ఆ అమ్మాయి చేయి ఇంకా కదులుతూనే ఉంటుంది, అదే కారణం.

ఇక దృష్టి. నేను ఎక్కువ సమయం పెట్టేది దీనిమీదే.

చెయ్యి వెళ్ళిన చోటికి చూపు, చూపు వెళ్ళిన చోటికి మనసు, మనసు ఉన్నచోట భావం, భావం ఉన్నచోట రసం అన్న శ్లోకం డాన్స్ నేర్చుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. తెలియడం వల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. చెయ్యి ఎటు పోతే కళ్ళు అటు పోవాలని చిన్నప్పటినుంచి చెబుతాం కదా, చూపు వేళ్ళ చివర్లకే అతుక్కుపోతుంది. చంద్రుణ్ణి చూపిస్తున్నప్పుడు చూడాల్సింది చంద్రుణ్ణి, వేళ్ళను కాదు. చేయి దారి చూపిస్తుంది, చూపు ఆ దారిలో అవతలికి పోవాలి. అడవుల్లో వేళ్ళను చూడటం అంగశుద్ధి కోసం, ఒంటి కదలిక శుభ్రంగా రావడానికి. అభినయంలోకి వచ్చేసరికి ఆ చూపును సాగదీయాలి. ఈ రెండో మాట చెప్పడం మనం మరిచిపోతాం.

దీనికోసం ఒక ఆట ఆడిస్తాను. కృష్ణుణ్ణి పిలిచే చోట ఒక అమ్మాయిని నిజంగానే కృష్ణుడిగా నిలబెడతాను. డాన్స్ చేసే అమ్మాయి ఆ కృష్ణుణ్ణి చూస్తూ చేయాలి. తర్వాత కృష్ణుణ్ణి పక్కకు పంపేస్తాను. చూపు మాత్రం అక్కడే ఉండాలి. గోడవారగా కూర్చున్న మిగతా పిల్లల పని ఏమిటంటే, కృష్ణుడు ఎంత ఎత్తున ఉన్నాడు, ఎంత దూరంలో ఉన్నాడు, నిలబడ్డాడా కూర్చున్నాడా, ఇటు చూస్తున్నాడా అటు తిరిగాడా, అన్నీ ఆమె కళ్ళను బట్టి చెప్పడం. మొదటిసారి ఆడినప్పుడు కృష్ణుడు పల్లవిలో ఆరడుగులు, అనుపల్లవిలో మూడడుగులు, చరణంలో ఫ్యాను రెక్కల దగ్గర తేలుతూ ఉంటాడు. ఒకసారి అయితే ఇద్దరు కృష్ణులు వచ్చారని ఒక చిన్న పిల్ల కంప్లైంట్ చేసింది. కుడి కన్నుదొకటి ఎడమ కన్నుదొకటి అట. కానీ ఈ ఆట కొన్నాళ్ళు ఆడాక జరిగే మార్పు చూడాలి. కృష్ణుడి ఎత్తు నిలకడగా కుదిరిన రోజున భుజం దానికి తగ్గట్టు మారుతుంది, మెడ మారుతుంది, అడుగు ఎంత దూరం వేయాలో తెలిసిపోతుంది. ఎదురుగా ఉన్న మనిషికి చెబుతున్నాం అన్న నమ్మకం కుదిరాక ముఖంలో ఏం పెట్టాలి అని ఏ పిల్లా అడగలేదు.

అభినయదర్పణంలో దృష్టి భేదాలు ఎనిమిది. సమం, ఆలోకితం, సాచి, ప్రలోకితం, నిమీలితం, ఉల్లోకితం, అనువృత్తం, అవలోకితం. ఇవి రోజూ కసరత్తులాగే చేయిస్తాను. యాంత్రికంగానే ఉంటుంది, ఉండనివ్వండి. కంటి కండరానికి ఆ బలం లేకపోతే ఓరచూపును నాలుగు అక్షరాలు నిలపడం కూడా కష్టమే. అయితే కసరత్తు అయిన వెంటనే అదే సాచిని ఒక సందర్భంలో వాడిస్తాను. తలుపు పక్కన ఎవరో నిలబడి మన మాటలు వింటున్నారు, వాళ్ళకు తెలియకుండా చూడు. అంతే.

అద్దం గురించి కూడా చెప్పాలి. మా హాల్లో ఒక గోడకు అద్దాలున్నాయి, వాటికి తెర కూడా ఉంది. అడవులప్పుడు తెర తీస్తాను, అభినయం అప్పుడు వేసేస్తాను. అద్దం ముందు అభినయం చేసే పిల్ల కృష్ణుణ్ణి చూడదు, కృష్ణుణ్ణి చూస్తున్న తనను చూసుకుంటుంది. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా పెట్టుకుని ప్రాక్టీస్ చేసేవాళ్ళకీ ఇదే ఇబ్బంది. రీల్స్ చేయొద్దని నేను చెప్పను, చెబితే వినేవాళ్ళెవరు. వెనక కెమెరాతో తీసుకోండి, అయ్యాక చూసుకోండి అంటాను.

ఇంకో మాట. కూచిపూడి పుట్టింది యక్షగానం పక్కన, నాటకంగా. పాత్రధారి మాట్లాడతాడు, పాడతాడు, ఆడతాడు. మిగిలిన నాట్యాల్లో వెనక్కి తగ్గిన వాచికం, అంటే మాటతో చేసే అభినయం, మన దగ్గర ఇంకా మిగిలి ఉంది. అయినా మా క్లాసుల్లో చాలామందికి తాము చేసే పదంలో, అంటే అభినయం చేసే పాటలో, ఒక్క వాక్యం కూడా అర్థం తెలియదు. తెలుగు పిల్లలే, తెలుగు పదమే. ఇంగ్లీష్ మీడియాన్ని తిట్టి ఊరుకోవడం నాకిష్టం లేదు. పాత తెలుగు నాకూ ఒకప్పుడు ఎవరో విప్పి చెప్పారు కాబట్టే తెలిసింది.

నేను చేసే పని ఏమిటంటే, కొత్త పదం మొదలుపెట్టినప్పుడు మొదటి క్లాసులో ఎవరూ గజ్జె కట్టరు, హస్తం (చేతి ముద్ర) పట్టరు. కూర్చుని చదువుతాం. ఆ అమ్మాయి ఎవరితో మాట్లాడుతోంది, ఎందుకు మాట్లాడుతోంది, ఈ మాట అనడానికి ముందు ఏం జరిగి ఉంటుంది, ఇది అన్నాక అవతలివాళ్ళు ఏమంటారు. తర్వాత దాన్ని వాళ్ళ సొంత తెలుగులో చెప్పాలి. "వాడిని ఇక్కడికి రమ్మను" అన్న ఒక్క వాక్యం తీసుకుని చెలికత్తెతో రకరకాలుగా అనిపిస్తాను. అధికారంగా ఒకసారి, బతిమాలుతూ ఒకసారి, నాకేం పట్టింపు లేదన్నట్టు ఒకసారి, చెప్పాక వెంటనే వద్దులే అనబోయి ఆగిపోతూ ఒకసారి. ఒక అమ్మాయి ఎన్నిసార్లు అన్నా ఒకేలా వస్తోంది. పక్కనున్నది "అమ్మని ఛార్జర్ అడిగినట్టుందే" అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆ అమ్మాయి నిజంగానే కోపం వచ్చి అన్న "రమ్మను" బ్రహ్మాండంగా ఉంది. అక్కడే ఆపి, ఇప్పుడు దీనికి హస్తం పెట్టు అన్నాను.

పదాల్లో పాట లైను మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొవ్వ క్షేత్రయ్య పదాలు తీసుకుంటే లయ ఎంత నిదానంగా ఉంటుందంటే దాక్కోవడానికి చోటుండదు. మొవ్వ కూచిపూడికి పక్కనే ఉన్నందుకైనా మనవాళ్ళు ఈ పదాలు ఇంకా ఎక్కువ చేయాలని నాకొక పట్టుదల, అది వేరే సంగతి. పాడే ఆవిడ ఒకే లైను నాలుగుసార్లు పాడితే పిల్లలు అవే హస్తాలు నాలుగుసార్లు పడతారు. మొదటిసారి మాటకు మాట పట్టడం సరే. రెండోసారి ఆ మాట అనడానికి కారణం చూపించాలి. మూడోసారి పాత సంగతి ఏదైనా గుర్తుకు రావచ్చు, సంచారి అంటే అదే. నాలుగోసారి నేను తరచుగా ఏమీ చేయొద్దంటాను. చేతులు ఒడిలో పెట్టుకుని పాట విను, ఇంతవరకూ చేసిందంతా నీలో ఉంది కదా అని. ఆ నాలుగోసారి ఏమీ చేయకుండా కూర్చోవడానికి పిల్లలకు పట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు. పెద్దవాళ్ళకు ఇంకా ఎక్కువ.

ముఖం లేకుండా అభినయం ఎంత దూరం పోగలదో తెలియాలంటే సిద్ధేంద్రయోగి భామాకలాపం చూడాలి. సత్యభామ ప్రవేశం తెర వెనక జరుగుతుంది. ముందు మనకు కనబడేది తెర మీదుగా ఇవతలికి వేసిన జడ. ముఖం ఇంకా రాలేదు. అప్పటికే ఆవిడ గర్వం ఎంతో సభకంతా తెలిసిపోవాలి. అంటే వీపు, భుజం, జడ కదిలే వేగం, తెర దించడానికి ముందు ఎంతసేపు ఆపింది అన్నదే అభినయం. వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామ వీడియోలు దొరుకుతాయి, 1935లో పుట్టిన ఆ మహానుభావుడు మగవాడై ఉండి దశాబ్దాలపాటు ఆ పాత్రను ఏలారు. పిల్లలకు చూపించేటప్పుడు మొదట సౌండ్ తీసేసి చూపిస్తాను. మెడ ఎప్పుడు తిరుగుతోంది, తిరగడానికి ముందు ఎంత ఆగుతోంది, నడుస్తున్నప్పుడు బరువు ఏ కాలు మీద ఎంతసేపు ఉంటోంది, అవి చూడండి అంటాను. స్త్రీ వేషం వేసేవాళ్ళు తమకు సహజంగా లేని నడకను ముక్కముక్కగా గమనించి కట్టుకోవాల్సి వచ్చింది. మనం ఆడపిల్లలం కదా, మనకు వచ్చేసినట్టే అనుకుంటాం. రాదు.

వెంపటి చినసత్యం గారి బాణీ ఇంకో తీరు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, పల్లె ఆటను పెద్ద వేదికలకు తగ్గట్టు తీర్చి, గీతల్ని సాఫు చేసి నిలబెట్టారాయన. నాట్యానికి రేఖ అంటే ఏమిటో ఆయన చేసిన నృత్యనాటకాలు చూస్తే తెలుస్తుంది. శర్మగారు, చినసత్యంగారు ఇద్దరూ 2012లోనే వెళ్ళిపోయారు. మా తరం చేస్తున్నదేమిటంటే చినసత్యంగారి నుంచి సాఫుదనం ఒక్కటే తీసుకుని, శర్మగారి నుంచి వాలుజడ ఒక్కటే తీసుకుని, రెండూ కలిపితే సత్యభామ అయిపోయిందనుకోవడం. ఇది నా అభిప్రాయం, కొందరికి నచ్చకపోవచ్చు.

భామాకలాపం మంచి పాఠం కావడానికి ఇంకో కారణం అందులో భావం మారుతూ పోవడం. నవరసాలు నేర్పడమంటే తొమ్మిది ముఖాలు పెట్టించి తొమ్మిది ఫొటోలు తీయడం అయిపోయింది ఈమధ్య. నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు రసాలు ఎనిమిదే చెప్పాడు, శాంతం తర్వాత చేరింది, అది అలా ఉంచండి. ఆయన స్థాయీభావాలు (నిలిచి ఉండే భావాలు) 8, సాత్త్వికాలు (ఒంట్లో వాటంతటవే వచ్చే మార్పులు) 8 చెబితే సంచారీభావాలు (వచ్చి పోయే భావాలు) 33 చెప్పాడు. మనిషి ఎక్కువగా ఉండేది ఆ 33లోనే కదా. శంక, అసూయ, వ్రీడ, చింత, దైన్యం, గర్వం. చెలికత్తె మాధవి దగ్గర భర్త పేరు చెప్పడానికి భామ సిగ్గుపడే ఘట్టంలో చూడండి. ఇంతకుముందే నా అంతటిది లేదని ప్రకటించుకున్న మనిషి ఒక్క పేరు పలకలేకపోతోంది. గర్వం పోయి సిగ్గు రాలేదు, గర్వం ఉండగానే సిగ్గు వచ్చింది. ఈ రెంటి మధ్య దారి చూపించగలిగితే ఆ పిల్లకు అభినయం వచ్చినట్టు నా లెక్క. క్లాసులో దీనికి చిన్న సాధన ఉంది. కోపంలో మొదలుపెట్టి జాలిలోకి రావాలి, రెండు ఆవర్తనాలు టైం. ఎక్కడ మారిందో చూసేవాళ్ళు వేలు పెట్టి చూపించలేకపోతే పాస్.

సాత్త్వికాల్ని మాత్రం నేను నేర్పను. కన్నీరు, రోమాంచం, స్వరం మారడం, వణుకు, ఇవి అడిగితే వచ్చేవి కావు. "ఫీల్ అవ్వు" అని పిల్లల్ని తరిమే టీచర్లున్నారు. ఆ మాటతో ఏ పిల్లయినా చేయగలిగిన పని ఏదీ లేదు. కృష్ణుణ్ణి ఇంకో రెండు అడుగులు దూరం జరుపు అంటే చేయగలుగుతుంది. ఈ లైనుకు ముందు ఊపిరి తీసుకో అంటే చేయగలుగుతుంది. అలా చేస్తూ ఉండగా ఒకనాడు కళ్ళు తడి అయితే అయ్యాయి, లేకపోతే లేదు.

వయసు గురించి నాకు కొంచెం మొండితనం ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లకు విరహం నేర్పను. పోటీల్లో ఇలాంటి ఐటమ్స్‌కే మార్కులు పడుతున్నాయని తల్లులు బాధపడతారు. జడ్జిల ముందు ఒక చిన్న పిల్ల పెదవి కొరుకుతూ ఓరచూపు చూస్తుంటే సభ అంతా "అబ్బ, ఎంత బాగా చేసిందో" అంటుంది. ఎవరినో చూసి దించిందని నాకు తెలుస్తూనే ఉంటుంది, కూర్చోలేక లేచి వచ్చేస్తాను. ఆ వయసు పిల్లలకు సొంతంగా తెలిసిన భావాలకు కొదవేముంది. భయం, ఆశ్చర్యం, అలక, దొంగతనం చేసి దొరికిపోవడం, తమ్ముణ్ణి ముద్దు చేయడం. వెన్న దొంగిలించే కృష్ణుడు, కాళియుణ్ణి చూసి పారిపోయే గోపబాలుడు, వీటితో వాళ్ళకు నాలుగైదేళ్ళు గడిచిపోతాయి.

కొన్నిసార్లు అభినయం సమస్యలా కనబడేది నిజానికి అడుగుల సమస్య. పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే తరంగంలో ఇత్తడి పళ్ళెం ఎక్కగానే అంతవరకూ చక్కగా ఉన్న ముఖం చచ్చుబడిపోతుంది. అశ్రమం గుర్తుంది కదా. పళ్ళెం అంచు పట్టిన కాలివేళ్ళమీదే ధ్యాస అంతా ఉంటుంది, ఊపిరి బిగబడుతుంది, దవడ గట్టిపడుతుంది. అప్పుడు నవ్వమంటే ఇంకా గట్టిపడుతుంది. నేను పళ్ళెం మీద ఉన్న పిల్లతో కబుర్లు మొదలుపెడతాను. ఇవాళ స్కూల్లో ఏం జరిగింది, సైన్స్ టీచర్ వచ్చారా రాలేదా. తాళం తప్పకుండా జవాబు చెప్పాలి. మొదట్లో "ఊ", "ఆ" అంటారు. పూర్తి వాక్యాలు వస్తున్నాయంటే ఊపిరి ఆడుతున్నట్టు, అప్పుడు పైన పాట అభినయం అడగొచ్చు.

ఆహార్యం గురించి పెద్దగా చెప్పను. ఒక్కసారైనా పూర్తి డ్రెస్‌తో, జడతో, నగలతో రిహార్సల్ చేయాలి. మెడ నగలు పెట్టుకున్నాక గడ్డం దించలేమని స్టేజి మీదే తెలుసుకోవడం ఎందుకు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది రికార్డెడ్ ట్రాక్. లైవ్ ఆర్కెస్ట్రా ఖర్చు అందరూ పెట్టుకోలేరు, అర్థం చేసుకోగలను. కానీ ట్రాక్ మీద పెరిగిన పిల్లకు ఆ లైను ఎన్నిసార్లు వస్తుందో ముందే తెలుసు, సంచారి ఎక్కడ అయిపోవాలో సెకన్లతో సహా తెలుసు. పాడేవాళ్ళు డాన్సర్‌ను చూసి ఇంకోసారి ఎత్తుకోవడం, డాన్సర్ చిన్న సైగతో పాటను ముందుకు పంపడం, ఈ సంభాషణ ఆ పిల్లకు తెలియకుండానే రంగప్రవేశం (మొదటి సోలో ప్రదర్శన) కూడా అయిపోతోంది. అందుకని క్లాసులో ట్రాక్ పెట్టను. నేనే పాడతాను. నా గొంతు గురించి ఎవరూ గొప్పగా చెప్పరు, శ్రుతి పెట్టె ఉన్నందుకు సరిపోతోంది. చెప్పకుండా లైను ఒకసారి ఎక్కువ పాడతాను, ఒకసారి తక్కువ పాడి ముందుకు పోతాను. హస్తాలు బట్టీ పట్టిన పిల్ల ఆగిపోయి నన్ను చూస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నదో తెలిసిన పిల్ల ఏదో ఒకటి చేస్తుంది. ఆ 'ఏదో ఒకటి'లో సగం సార్లు నేను కూర్చిన దానికంటే మంచిది వస్తుంది, దాన్నే ఉంచేస్తాం. ఒక ఉత్సవంలో నిర్వాహకులు తెర లేవబోతుండగా మా పదాన్ని సగానికి కుదించమన్నారు. కోపం సంగతి అలా ఉంచితే, ట్రాక్ మీద వచ్చిన టీములు ఎడిటింగ్ కోసం ల్యాప్‌టాప్ వెతుక్కుంటుంటే మా అమ్మాయి, పాడేవాళ్ళు స్టేజి పక్కన నిలబడి రెండు నిమిషాల్లో ఏది ఉంచాలో తేల్చుకున్నారు.

ఇప్పుడు మా క్లాసులో ఒక అమ్మాయి భామ వేషానికి తయారవుతోంది. డిగ్రీ చదువుతోంది, చిన్నప్పటినుంచి నా దగ్గరే. లేఖ రాసే ఘట్టానికి ముందు ఒకచోట నేను నిలబడి చేయమని కూర్చాను, తను కూర్చుండిపోతోంది. ఎందుకమ్మా అంటే "నా భామ అప్పటికే అలిసిపోయింది టీచర్, మీ భామకి ఓపిక ఎక్కువ" అంటోంది. సత్యభామ అలిసిపోయినా కూర్చోదని నేను, మాధవి ఒక్కతే ఉన్నప్పుడు కూర్చుంటుందని తను. మూడు వారాలుగా ఇదే వాదన. పోయిన క్లాసులో మాధవి చేసే పిల్ల కూడా తన పక్షం చేరింది. రెండు విధాలుగానూ పూర్తిగా చేసి చూపించమన్నాను, పాడేవాళ్ళను కూడా పిలిచాను. నాకైతే ఇంకా నిలబడి ఉండటమే నచ్చుతోంది.